ముక్కు కోసేసిన పడవ

హుస్సేన్‌సాగర్‌లో గాలి అందుకోగానే బుల్లి తెరచాపలు వరసగా కదులుతాయి. పడవకు ఒక్కరే, పిల్లో పిల్లాడో. గట్టుకు దగ్గరగా వచ్చినప్పుడు చూడండి, ఆ పడవకు ముక్కు ఉండదు. ముందు కొసను రంపం పెట్టి అడ్డంగా కోసేసినట్టు ఉంటుంది. నీటిని చీల్చుకుపోవాల్సిన పందెపు పడవకు ఇదేం రూపం? దీని పేరు ఆప్టిమిస్ట్. 15 ఏళ్ల వరకు పిల్లలు పందేలాడేది దీనిమీదే. ప్రపంచంలో లక్షన్నరకు పైగా తయారయ్యాయి.

పిల్లల క్షేమం కోసమే ఇలా చేశారేమో అని మొదట తోస్తుంది. మొద్దుముక్కు తొందరగా నీళ్లలోకి దిగబడదు, అది నిజమే. కానీ పడవ కొలత ఇంకో సంగతి చెబుతోంది. పొడవు 7 అడుగుల 9 అంగుళాలు. ఈ లెక్క వడ్రంగికి చెబితే ఇట్టే పట్టేస్తాడు. ప్లైవుడ్ షీటు పొడవు 8 అడుగులు, వెడల్పు 4. పక్కపలకను వంచితే కొంత పొడవు ఆ వంపులోనే పోతుంది. ముక్కు మొనదేలాలంటే పలక ఇంకా ముందుకు సాగాలి. సాగడానికి షీటు లేదు.

మరి షీటు దాటకూడదని పట్టెందుకు? జవాబు పేరులోనే ఉంది. ఆప్టిమిస్ట్ అన్నది అమెరికాలోని ఫ్లోరిడాలో, క్లియర్‌వాటర్ ఊళ్లో ఉన్న ఒక సేవా క్లబ్బు పేరు. ఇంజను లేని బండ్లు పల్లంలోకి వదిలి పిల్లలకు పందేలు పెట్టేవారు. అలాంటిదే నీటి మీద పెడదామని 1947లో మేజర్ క్లిఫర్డ్ మెకే ప్రతిపాదించాడు. ఒక్కో పడవ ఖర్చు ఊళ్లోని ఒక వ్యాపారి భరించాలి. అది 50 డాలర్లు మించకూడదు. పడవలు కట్టే క్లార్క్ మిల్స్ చేతికి పని వచ్చింది. మొద్దుముక్కు పడవలు అంతకుముందూ ఉన్నాయి. మిల్స్ దాన్నే ఎంచుకున్నది రెండు షీట్లలో పని ముగించాలని.

ఖర్చు తగ్గించాలన్నదే లెక్క అని తెరచాప కూడా సాక్ష్యం చెబుతుంది. దాని పైమూలను ఏటవాలు కర్ర ఎత్తిపడుతుంది కాబట్టి నిలువుకొయ్య పొడవుగా ఉండక్కర్లేదు. పడవంత పొడవుంటే చాలు.

1950లలో ఏక్సెల్ డామ్‌గార్డ్ దీన్ని డెన్మార్క్‌కు తీసుకెళ్లాడు. అక్కణ్నుంచి ఐరోపా అంతా పాకింది. 1965లో ఈ పడవకంటూ అంతర్జాతీయ సంఘం ఏర్పడింది.

నాకు అన్నిటికంటే ముచ్చటైన ఆధారం ఇప్పటి పడవల్లో ఉంది. ఇవి ఫైబర్‌గ్లాస్‌వి, ఏ అచ్చులో కావాలంటే ఆ అచ్చులో పోయొచ్చు. అయినా ముక్కు పెట్టరు. అన్ని పడవలూ ఒక్కలాగే ఉండాలని నియమం. తేడా పిల్లల నేర్పులోనే కనబడాలి. ప్లైవుడ్ పోయింది గానీ షీటు అంచు మిగిలింది.

50 డాలర్ల లెక్క మాత్రం మిగల్లేదు. ఈరోజు కొత్త పడవ ధర వింటే మనసు చివుక్కుమంటుంది. అందుకే హైదరాబాద్ యాట్ క్లబ్ పేదిళ్ల పిల్లలను ఈ పడవలెక్కించడం నాకు పెద్ద సంగతి. సముద్రం లేని ఊరినుంచి వెళ్లి ఆ పిల్లలు జాతీయ పందేల్లో పతకాలు తెచ్చారు.