చరిత్రోత్సవముల పేర్లు – కాలగణనము: సిరిసిల్ల ప్రాంత నిదర్శనములు

మహాపురుషుల జన్మదినములకును, సంస్థల స్థాపనకును, రాజ్యముల అవతరణమునకును నిర్ణీత సంవత్సరములు నిండినప్పుడు ఉత్సవములు జరుపుట నేడు సర్వత్ర కానవచ్చుచున్నది. ఆ ఉత్సవముల పేర్లు కేవలము అలంకారములు కావు. అవి కాలగణనమును తెలుపు సంకేతములు. పేరు సందిగ్ధమైనచో గణనయు సందిగ్ధమగును. సిరిసిల్ల ప్రాంతమునకు సంబంధించిన కొన్ని నిదర్శనములతో ఈ విషయమును సంగ్రహముగా పరిశీలింపదలచితిమి.

రజతోత్సవము, స్వర్ణోత్సవము, వజ్రోత్సవము అను మాటలు ఆంగ్లమందలి జూబిలీ నామములకు అనువాదములు. 1897లో విక్టోరియా రాణి పాలనకు 60 ఏండ్లు నిండిన సందర్భమున జరిగినది వజ్రోత్సవము. కాని 2007లో తెలుగు చలనచిత్ర పరిశ్రమ జరుపుకొన్న వజ్రోత్సవము 75 ఏండ్లకు. 2022లో తెలంగాణ ప్రభుత్వము జరిపిన స్వతంత్ర భారత వజ్రోత్సవములును 75 ఏండ్లకే. రాబోవు కాలమున ఒక ఫలకముపై ‘వజ్రోత్సవ స్మారకము’ అని మాత్రమే చదివిన పరిశోధకునికి మూలసంవత్సరమును గుర్తించుటలో 15 ఏండ్ల సందేహము కలుగక తప్పదు. రజతోత్సవమునకు 25 ఏండ్లని స్థిరమైన అర్థమున్నను, అందును జాగ్రత్త అవసరమే. సిరిసిల్ల నైజాము రాజ్యములో నున్న కాలమున, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవము 1936లో గాక 1937లో జరిగినది. ఉత్సవము జరిగిన యేటినుండి 25 తీసివేసి లెక్కించిన వారు ఒక యేడు తప్పుదురు.

సంఖ్యావాచకములందు వజ్రోత్సవమునకు కలిగిన సందేహము లేదు. 125 ఏండ్లకు సపాదశతి, 150 ఏండ్లకు సార్ధశతి, 175 ఏండ్లకు పాదోనద్విశతి యని చెప్పవచ్చును. వీనిలో సార్ధశతి 2013లో వివేకానందుని జన్మోత్సవములయందు దేశమంతట వినబడినది. సార్ధమనగా సగముతో కూడినది. ఆంగ్లమున దీనికి సెస్క్విసెంటెన్నియల్ అను అరుదైన మాట కలదు. అందలి సెస్క్వి యను లాటిన్ రూపమునకు ‘మరియొక సగము’ అని మూలార్థము. 175 ఏండ్లకు డోడ్రాన్స్‌బైసెంటెన్నియల్ అను మాట మరింత అరుదు. డోడ్రాన్స్ అనగా పావు తక్కువైనది; పాదోనద్విశతియు నూటిలో పావు తక్కువైన రెండు నూర్లే. గడియారము చూచి ‘పావు తక్కువ ఎనిమిది’ అను మన జనుల వాడుకయు ఇట్టిదే. అయితే 250 ఏండ్లకు దారులు వేరైనవి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనమునకు 1776 నుండి 2026కు నిండు 250 ఏండ్లను సెమిక్విన్‌సెంటెన్నియల్ అందురు. అనగా ఐదు నూర్లలో సగము. సంస్కృత పద్ధతిని అది సార్ధద్విశతి, రెండు నూర్లపై సగము.

ఇక ‘శతజయంతి’ అను మాట. పి.వి. నరసింహారావు 1921 జూన్ 28న జన్మించిరి. వారి శతజయంతి ఉత్సవములను తెలంగాణ ప్రభుత్వము 2020 జూన్ 28న ప్రారంభించి యేడాదిపాటు జరిపినది. ప్రారంభదినమున నిండినవి 99 ఏండ్లు. నూరవ యేడు అప్పుడు ప్రవేశించినది. వేములవాడ సమీపమందలి హనుమాజీపేటలో 1931 జూలై 29న జన్మించిన సి. నారాయణరెడ్డి విషయమున నూరవ యేటి ప్రవేశము 2030లోను, నూరేండ్లు నిండుట 2031లోను వచ్చును. రెండు సంప్రదాయములును సమంజసములే. ఏది పాటింపబడినదో లిఖితముగా నుండవలెను.

మూలసంవత్సరమే సుమారుగా తెలిసినప్పుడు చిక్కు మరింత పెద్దది. వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరి ఆస్థానకవి పంపని తమ్ముడు జినవల్లభుడు. అతడు కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై వేయించిన శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలవు. తెలుగు భాగము కందపద్యములు. పండితులు దీనిని క్రీ.శ. 945 ప్రాంతమునకు చెందినదిగా నిర్ణయించిరి. నన్నయకు పూర్వమే తెలుగున కందపద్యము కలదనుటకు ఇది బలమైన సాక్ష్యము. 2045లో దీనికి శతాధిక సహస్రాబ్ది ఉత్సవము జరుపవలెనని ఎవరైన తలపెట్టినచో, ఆ తలంపు ప్రశంసనీయమే. కాని ‘ప్రాంతము’ అను మాట ఆహ్వానపత్రమునుండి జారిపోరాదు. జారినచో, ఉత్సవ ఫలకము మరునాడు గ్రంథములలో ప్రమాణమై, శాసనమే చెప్పని నిశ్చయమును శాసనమునకు అంటగట్టును. తెలుగు ప్రాచీనతకు ఆధారముగా నిలిచిన రాతికి అది మేలు చేయదు.

కావున చరిత్రరచనయందు లోహరత్నముల పేర్లకంటె సంఖ్యావాచకములే గ్రాహ్యములని మేము తలంచుచున్నాము. ఏ పేరు వాడినను దాని ప్రక్కన మూలసంవత్సరమును, ఉత్సవసంవత్సరమును, నిండిన యేండ్ల సంఖ్యను వ్రాయుట మేలు. ఉత్సవము ముగిసిన పిమ్మట పరిశోధకునికి మిగులునవి ఆ అంకెలే.