రజోదర్శనం

ఆడపిల్లకు మొదటిసారి ముట్టు రావడమే రజోదర్శనం. సమర్తాడడం, పుష్పవతి కావడం, ఈడేరడం, పెద్దమనిషి కావడం అని తెలుగునాట దీనికి చాలా పేర్లున్నాయి. మన దేశంలో ఇది సగటున 13 ఏళ్ల ప్రాయంలో వస్తుంది. ఏడాది రెండేళ్లు ముందువెనుకలైనా సహజమే. యౌవనారంభంలో ఇది తొలి మార్పు కాదు, చివరిదీ కాదు. ఎదుగుదల నడిమధ్యలో వచ్చే ఒక ఘట్టం.

మార్పు మెదడులో మొదలవుతుంది. 8 నుంచి 13 ఏళ్ల మధ్య హైపోథాలమస్ ఒక హార్మోనును విడతలు విడతలుగా వదులుతుంది. మొదట్లో ఇది ఎక్కువగా రాత్రి నిద్రలోనే జరుగుతుంది. దాంతో పీయూష గ్రంథి, దాని ద్వారా అండాశయాలు మేల్కొని ఈస్ట్రోజెన్ తయారీకి పూనుకుంటాయి. చాలామందిలో ముందుగా కనిపించేది రొమ్ముల ఎదుగుదల. తర్వాత జననాంగాల దగ్గర, చంకల్లో వెంట్రుకలు వస్తాయి, పొడవు చకచకా పెరుగుతుంది. ఆ వేగం తగ్గుముఖం పట్టాకే, అంటే రొమ్ములు కనిపించిన రెండు రెండున్నరేళ్లకు, ముట్టు వస్తుంది. ఈ క్రమాన్ని బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ టానర్ ఐదు దశలుగా విభజించాడు. పిల్లల వైద్యులు నేటికీ వాటినే వాడుతున్నారు. మగపిల్లల్లో యౌవనం వృషణాల ఎదుగుదలతో, 9–14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. గొంతు మారడం, నూనూగు మీసాలు ఆ తర్వాతి సంగతులు.

ఆడశిశువు పుట్టేనాటికే అండాశయాల్లో 10–20 లక్షల అండకణాలుంటాయి. యౌవనం వచ్చేసరికి మిగిలేవి మూడు నాలుగు లక్షలు. జీవితకాలంలో విడుదలయ్యేవి సుమారు 400 మాత్రమే. ఋతుచక్రంలో అండాన్ని మోసే చిన్న తిత్తి రెండు సెంటీమీటర్ల దాకా పెరిగి పగులుతుంది. బయటపడే అండం పరిమాణం మిల్లీమీటరులో పదోవంతు. ఈలోగా గర్భాశయపు లోపలి పొర మందమై సిద్ధంగా ఉంటుంది. అండవాహికలో శుక్రకణం కలిస్తే అండం ఫలదీకరణ చెంది, వారం తిరిగేసరికి ఆ పొరలో నాటుకుంటుంది. అదే గర్భం. కలవకపోతే అండం ఒక రోజుకు మించి బతకదు. రెండు వారాలకు హార్మోన్లు పడిపోయి, ఆ పొర రక్తంతో కలిసి బయటికి వస్తుంది. అదే ముట్టు. పోయేది సాధారణంగా 30–40 మిల్లీలీటర్లు. అది చెడురక్తమన్న నమ్మకం తప్పు. ఒంట్లో పారే రక్తమే అది.

తొలి రెండేళ్లు చాలా చక్రాల్లో అండం విడుదల కాదు. అందుకే నెలసరి ఒకసారి 21 రోజులకు, ఇంకోసారి 45 రోజులకు రావచ్చు. తల్లులు దీనికి కంగారుపడనక్కర్లేదు. 8 ఏళ్లలోపే రొమ్ములు కనిపించినా, 15 నిండినా ముట్టు రాకపోయినా, రక్తస్రావం వారం దాటినా, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా డాక్టరుకు చూపించాలి.

ఈ ఘట్టాన్ని మన ఇళ్లలో వేడుకగా జరుపుతారు. పిల్లను కొత్త చాప మీద కూర్చోబెట్టి, పేరంటాళ్లు పసుపు రాసి, అక్షింతలు వేసి, హారతి పడతారు. నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి తినిపిస్తారు. మేనమామ బట్టలు తెస్తాడు. పంచాంగాల్లో ప్రథమ రజస్వల ఫలాలంటూ ఒక భాగమే ఉంటుంది. పిల్లకు నాలుగు రోజులు బలమైన తిండి, విశ్రాంతి దొరకడం మంచిదే. కానీ విడిగా కూర్చోబెట్టడం, కంచం గ్లాసు వేరుచేయడం, ముహూర్తం బాగాలేదని పిల్లను నిందించడం ఆమెకు తన ఒంటిమీద తనకే వెగటు పుట్టిస్తాయి. వీటికి ఆరోగ్యశాస్త్రంలో ఏ ఆధారమూ లేదు.

అంతకన్నా పెద్ద అపాయం, ముట్టు వచ్చిందంటే పెళ్లికి తయారైనట్టే అనుకోవడం. రజస్వల అయిన పిల్ల కటి ఎముకలు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. ఆ వయసులో గర్భం వస్తే రక్తపోటు పెరిగి మూర్ఛలు రావడం, నెలలు నిండకుండానే కాన్పు కావడం లాంటి ముప్పులు ఎక్కువ. ఆడపిల్ల కనీస వివాహ వయసును 1929 నాటి శారదా చట్టం 14గా పెట్టింది, 1978 సవరణ 18కి పెంచింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నారు.

మొదటి ముట్టు చూసి ఏదో జబ్బు చేసిందని హడలిపోయే పిల్లలు నేటికీ ఉన్నారు. తల్లి గానీ టీచరు గానీ, పిల్లకు పదేళ్లు నిండేలోపే ఈ సంగతులన్నీ విప్పి చెప్పాలి.