గుంటూరు గ్రహణం నుండి గురుగ్రహపు వీడియో దాకా

మొన్న మా లింగాల ఘనపూర్ ఇంటి డాబా మీద మనుమడు దూరదర్శినికి కెమెరా తగిలించి, గురుగ్రహాన్ని రెండు నిమిషాల పాటు వీడియో తీశాడు. "ఒక్క ఫొటో చాలదా?" అన్నాను. "గాలి కదుల్తది తాతా, ఏ క్షణం నిలుస్తదో తెల్వదు" అన్నాడు.

సెకనుకు 30 చొప్పున 3,600 చిత్రాలు! కెమెరా ఫలకపు నడిమి భాగాన్ని మాత్రమే వాడుకొనే పద్ధతిలో తీస్తే చిన్న వివరాలు చెదరవట. వాటిలో స్ఫుటమైనవాటిని కంప్యూటరు ఏరి, ఒకదానిపై ఒకటి పేర్చగా గురుని పట్టీలు తేటపడ్డాయి. గురుడు పది గంటలలోపే తన చుట్టూ తాను తిరుగుతాడు గనుక వీడియోను మరీ పొడిగించరాదు.

ఈ ఉపాయం నేటిదనుకుంటాము. కాని దీనికి బీజం వేసినవాడు మన తెలుగునేలపై అడుగుపెట్టినవాడే. ఆయన ఫ్రాన్సు దేశస్థుడు జూల్ జాన్సెన్. 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని వర్ణపటదర్శినితో పరిశీలించి, సూర్యుని అంచున ఎగసే జ్వాలలు వాయుమయాలని గ్రహించాడు. మరునాడు గ్రహణం లేకుండానే వాటిని చూడగలిగాడు. క్షణకాలపు దృశ్యం చేజారకుండా పట్టే తపన ఆయనను అంతటితో విడువలేదు.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగాడు. శుక్రుడు సూర్యుని అంచును తాకే వేళ నల్లని బొట్టువంటిది ఏర్పడి, చూసేవారి లెక్కలు ఒకరితో ఒకరికి పొసగవు. అందుకే జాన్సెన్ జపానులోని నాగసాకిలో "ఛాయాచిత్ర రివాల్వరు"ను ప్రయోగించాడు. తిరిగే పళ్లెంపై 72 సెకన్లలో 48 చిత్రాలు! కోరినంత కచ్చితత్వం రాకపోయినా దారి మాత్రం పడింది. 1882లో మరే చేసిన ఛాయాచిత్ర తుపాకీకి అదే ప్రేరణ. 1895లో ల్యూమియేర్ సోదరుల చలనచిత్రం వచ్చింది. అంటే గ్రహాన్ని వరుస చిత్రాలలో పట్టే యత్నం సినిమాకంటే పెద్దది.

అదే ఘట్టాన్ని విశాఖపట్నంలో, మామగారు గొడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల నుండి అంకితం వెంకట నర్సింగరావు పరిశీలించారు. ఆయనది దూరదర్శినికి ఆనించిన కన్ను. జాన్సెన్‌ది తిరిగే పళ్లెం. ఆకాశం ఒక్కటే.

ఇన్నేండ్లు బడిలో పాఠాలు చెప్పి, నర్సింగరావుగారి పేరు ఒక్కనాడూ పలకలేదు. ఆ లోపం నాదే. మనుమడికి మాత్రం ఆ రాత్రే చెప్పాను.