పాండవులు కనపడని భారతం

ఆదివారం వాన పట్టుకుంటే రింగాస్కిడీలో చేసేదేం ఉండదు. కార్క్ హార్బరు ఒడ్డున చిన్న ఊరు ఇది. ఒకవైపు ఫ్రాన్సులోని రోస్కాఫ్‌కి వెళ్లే ఫెర్రీ రేవు, ఎదురుగా హాల్‌బౌలిన్ దీవిలో ఐర్లండ్ నేవీ, గుట్టమీద పాత మార్టెల్లో బురుజు, చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. 1969లో ఫైజర్ వచ్చినప్పటి నుంచి ఇక్కడికి పైపులు వేసేవాళ్లు, వెల్డర్లు, స్కఫోల్డింగ్ కట్టేవాళ్లు వస్తూనే ఉన్నారు. మనవాళ్లూ ఆ వరసలో వచ్చినవాళ్లే.

మేమున్న చోట ఎనిమిదిమందిమి. ఏడుగురు తెలుగువాళ్లం, ఒక మదురై తమ్ముడు. వానరోజు ఆట ఒకటి పెట్టుకున్నాం. ఒకడు పాత సినిమా ఒకటి మనసులో అనుకోవాలి, మిగతావాళ్లు అవును-కాదు అని జవాబొచ్చే ప్రశ్నలు వెయ్యాలి. ఇరవై ప్రశ్నల్లో దొరక్కపోతే ఓడినవాళ్లంతా కలిసి ఆ రాత్రి గిన్నెలు తోమాలి. బిర్యానీ వండిన రోజు ఈ షరతు ఎంత భయంకరమో క్యాంపుల్లో ఉండే మీకు నేను చెప్పక్కర్లేదు.

మా రాజోలు బాబాయి మొన్న ఒక గడ్డు ప్రశ్న పడేశాడు. "భారతంలో కథే. కానీ పాండవులు ఐదుగురిలో ఒక్కడూ తెరమీద కనపడడు. ఏ సినిమా?" చిన్నవాళ్లు తెల్లమొహాలు వేశారు. మా నిజామాబాద్ అన్న మాత్రం టీ గ్లాసు దించకుండానే "మాయాబజార్" అన్నాడు. నిజమే మరి. కృష్ణుడు, బలరాముడు, సుభద్ర, అభిమన్యుడు, ఘటోత్కచుడు, కౌరవులు, అందరూ ఉంటారు. ధర్మరాజు, భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు మాత్రం ఉండరు. మూడు గంటల సినిమా చూసి ఎవరికీ ఆ లోటు తెలియదంటే అది కె.వి. రెడ్డి గారి పనితనం.

అక్కడితో అయిపోతే బాగుండేది. "అందులో అభిమన్యుడు ఎవరు?" అని ఒకడు అడిగాడు. మేమంతా "నాగేశ్వరరావు" అన్నాం. మదురై తమ్ముడు లేచి నిలబడి "జెమినీ గణేశన్" అన్నాడు. పావుగంట గొడవ. పందెం వందయూరోల దాకా పోయింది. చివరికి తేలిందేమిటంటే ఇద్దరిదీ రైటే. విజయావారు 1957లో ఆ సినిమాని తెలుగు, తమిళం రెండింట్లోనూ తీశారు. తెలుగు సినిమా మార్చి 27న వస్తే, తమిళం ఏప్రిల్‌లో వచ్చింది. కృష్ణుడు రెండిట్లోనూ రామారావే. ఘటోత్కచుడు రెండిట్లోనూ ఎస్వీ రంగారావే. సావిత్రి కూడా అంతే, కాకపోతే ఇక్కడ శశిరేఖ, అక్కడ వత్సల. అభిమన్యుడు మాత్రం మారాడు. లక్ష్మణకుమారుడు మనకి రేలంగి, వాళ్లకి తంగవేలు. మిస్సమ్మ సంగతీ ఇంతే. 1955లో మనకి రామారావు ఉన్నచోట తమిళంలో జెమినీ గణేశన్ ఉన్నాడు. అసలు మిస్సమ్మగా మొదట అనుకున్నది భానుమతిని. ఆమె తప్పుకుంటే ఆ వేషం సావిత్రికి వచ్చింది. ఒకే స్టూడియోలో, ఒకే సెట్లో ఇద్దరి సినిమాలు పుట్టిన రోజులవి. మద్రాసు మనిద్దరిదీ అని తమ్ముడికి చెబితే కాస్త చల్లబడ్డాడు. వందయూరోలు ఎవరికీ రాలేదు.

ఇంకో సంగతి. 2010లో మాయాబజార్‌కి రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. 2013లో వందేళ్ల సినిమా పండగప్పుడు సీఎన్ఎన్-ఐబీఎన్ వాళ్లు పెట్టిన ఓటింగులో దేశం మొత్తం మీద అదే గొప్ప సినిమాగా నిలిచింది. మా రూములో కుర్రాళ్లకి రంగుల సినిమా ఇష్టం. నాకు మార్కస్ బార్ట్లే తీసిన ఆ నలుపు తెలుపుల వెన్నెలే ఇష్టం. ఇది తెగే పంచాయితీ కాదు.

అసలు చూడకుండానే సినిమాని పోల్చుకోవడం మనవాళ్లకి కొత్తేమీ కాదు. టీవీలు లేని రోజుల్లో రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది. సినిమా సౌండును గంటకి కుదించి వినిపించేవాళ్లు. అరుగుమీద కూర్చుని మాట వినీవినగానే ఇది గుమ్మడి, ఇది సూర్యకాంతం అని పందేలు కట్టేవాళ్లు. డేరా సినిమా ఊరు దాటి వెళ్లిపోయినా పాటల పుస్తకం ఇంట్లో ఉండేది. అట్టమీద బొమ్మ చూసి మిగతా కథ ఊహించుకోవడమే. వలసపోయిన మనవాళ్ల వెనకాల సినిమా కూడా పోయింది. తెలుగు సినిమాకి ఆద్యుడైన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం పట్టుకుని బొమ్మలు చూపిస్తూ రంగూన్ దాకా వెళ్లాడు. అప్పటికే అక్కడ రేవుల్లో, మిల్లుల్లో మనవాళ్లు కూలి చేస్తున్నారు.

ఇక బాబాయి, అన్నల మధ్య పెద్ద యుద్ధం తొలి టాకీ మీద వచ్చింది. భక్త ప్రహ్లాద ఎప్పుడు విడుదలైంది? బాబాయి చిన్నప్పుడు చదువుకున్నది 1931 సెప్టెంబరు 15. ఏళ్ల తరబడి అందరూ ఆ రోజునే తెలుగు సినిమా పుట్టినరోజుగా చేసుకున్నారు. తరవాత జర్నలిస్టు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు రికార్డులు తిరగేసి, ఆ సినిమాకి సెన్సారు అయిందే 1932 జనవరిలో అని, బొంబాయిలో కృష్ణా సినిమా హాల్లో 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని తేల్చాడు. సెన్సారు కాకముందు సినిమా ఎలా ఆడుతుంది? నాకు అదే సబబుగా తోస్తుంది. బాబాయి ఒప్పుకోలేదు. సినిమా వేసి చూపిద్దామా అంటే, ఆ ప్రింటు ఇప్పుడు లేదు. మన తొలి టాకీని చూద్దామన్నా చూడలేం.

ఆ సినిమా పేరెత్తితే నాకు హెచ్.ఎం. రెడ్డి కన్నా ముందు ఎల్వీ ప్రసాద్ గుర్తొస్తాడు. ఏలూరు దగ్గర సోమవరప్పాడు. తండ్రికి అప్పులు. ఇంట్లో చెప్పకుండా బొంబాయి రైలెక్కాడు. చదువు లేదు, హిందీ రాదు. సినిమా కంపెనీలో చిల్లర పనులు చేసే కుర్రాడిగా చేరాడు. అక్కినేని లక్ష్మీవర ప్రసాదరావు అన్న పొడుగు పేరు అక్కడే ఎల్.వి. ప్రసాద్‌గా కురచబడింది. ఇప్పుడు మన పేర్లని సైటు ఐడీ కార్డు మీద కత్తిరిస్తున్నట్టే. ఆ కుర్రాడే హిందీ తొలి టాకీ ఆలం ఆరాలో, తమిళ తొలి టాకీ కాళిదాస్‌లో, తెలుగు తొలి టాకీ భక్త ప్రహ్లాదలో చిన్న చిన్న వేషాలు వేశాడు. మూడింట్లోనూ ఉన్న మనిషి అతనే. తరవాత 1949లో మనదేశం సినిమాలో రామారావుకి తొలి వేషం ఇచ్చింది, మిస్సమ్మ తీసింది ఆయనే. 1982కి ఫాల్కే అవార్డు ఆయనకి ఇచ్చారు. హైదరాబాద్‌లో కంటి ఆస్పత్రికి ఉన్నది ఆయన పేరే.

రామారావా, నాగేశ్వరరావా అన్న తగవు రాయడం మొదలుపెడితే పేపరు చాలదు. ఒక్క లెక్క చెప్పి వదిలేస్తా. 1962లో వచ్చిన గుండమ్మ కథ రామారావుకి నూరో సినిమా, నాగేశ్వరరావుకి తొంభై తొమ్మిదోది. 1950 పల్లెటూరి పిల్లతో మొదలుపెట్టి ఇద్దరూ కలిసి పద్నాలుగు సినిమాలు చేశారు. వాళ్లిద్దరూ సెట్లో కలిసి భోంచేస్తుంటే బయట మన తాతలు తలలు పగలగొట్టుకున్నారు.

మా సైటులో పనిచేసే కార్క్ పెద్దాయన ఒకరోజు టీకి వచ్చి ఆటలో కూర్చున్నాడు. ఆయన అనుకున్నది ఇక్కడికి దగ్గర్లో తీసిన సినిమా, కానీ కథ అమెరికాది. మాకు దొరకలేదు. జవాబు మోబీ డిక్. 1954లో జాన్ హ్యూస్టన్ ఈ కౌంటీలోనే ఉన్న యాల్ రేవుని అమెరికా రేవుగా మార్చి తీశాడు. గ్రెగరీ పెక్ హీరో. సినిమా 1956లో వచ్చింది. వాళ్లకీ మనలాంటి తగవులున్నాయి. 1952 నాటి ద క్వయట్ మ్యాన్ అంటే కొందరికి ప్రాణం. కొందరేమో అది అమెరికావాళ్లు కలగన్న ఐర్లండ్, మా ఊళ్లు అలా ఉండవు అంటారట. మరి మీ ఊళ్లు ఉన్నట్టు ఉన్న సినిమా ఏదని అడిగాం. ద విండ్ దట్ షేక్స్ ద బార్లీ అన్నాడు. 2006లో కాన్స్‌లో పెద్ద బహుమతి కొట్టింది. కార్క్ పల్లెల్లోనే తీశారు. ఇంగ్లీషువాళ్ల మీద కలిసి పోరాడిన అన్నదమ్ములు, 1922 అంతర్యుద్ధంలో చెరోవైపు నిలబడిన కథ. అది చెప్పి ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఆయన మాట మా నిజామాబాద్ అన్నకి ఎక్కడో తగిలింది. ఆయన వెళ్లాక మెల్లగా అన్నాడు: "మీరు చెప్పే గొప్ప సినిమాలల్ల మా మాట ఏడున్నది? హీరో మీ లెక్క మాట్లాడుతడు. మా లెక్క మాట్లాడేటోడు అయితే రౌడీ, లేకుంటే నవ్వులాటగాడు." బాబాయి ఏదో సర్దిచెప్పబోయి ఆగిపోయాడు. అన్న అన్నది అబద్ధమైతే కదా. పెళ్లి చూపులు, ఫిదా, బలగం ఇవన్నీ 2016 తరవాతి సంగతి. దానికి ముందు అరవై, డెబ్భై ఏళ్లపాటు సగంమంది తెలుగువాళ్లు తెరమీద తమ మాట విని సిగ్గుపడాల్సి వచ్చింది. మాయాబజార్ అంటే ప్రాణం పెట్టే నేను కూడా ఆ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు.

తరవాతి ఆట అన్నది. ఒక్కొక్కళ్లం అడుగుతూ పోయాం. రామారావా? కాదు. నాగేశ్వరరావా? కాదు. పౌరాణికమా? కాదు. మద్రాసు స్టూడియోలో తీసిందా? కాదు. డైరెక్టరు తెలుగువాడేనా? కాదు. దాంతో బుర్ర తిరిగిపోయింది. శంకరాభరణం కాదు, ఆ విశ్వనాథ్ తెలుగువాడే. బాబాయి ఇరవయ్యో ప్రశ్న వృథా చేశాక అన్న పేరు చెప్పాడు. మా భూమి. బెంగాలీ గౌతమ్ ఘోష్ డైరెక్టరు, బి. నర్సింగరావు నిర్మాత. 1979లో తీసింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. నైజాం దొరల మీద రైతులు తిరగబడ్డ కథ. తెరమీద గద్దర్ పాడతాడు. ఊరివాళ్లూ వేషాలు వేశారు, ఊరి మాటే మాట్లాడారు. హైదరాబాద్‌లో పొద్దుటాటలకి జనం కట్టలు కట్టుకుని వచ్చారు. "మా నాయిన సైకిల్ మీద పోయి చూసొచ్చిండు" అన్నాడు అన్న.

ఆ రాత్రి గిన్నెలు ఏడుగురం తోమాం. అన్న మంచం మీద పడుకుని ఫోన్లో ఆ సినిమా పెట్టుకున్నాడు, సౌండు పెంచి, వంటింట్లోకి వినపడేలా.