సగంలో ఆగిన పని ఏమవుతుంది?

ఇడ్లీ బండి దగ్గర 40 రూపాయలకు ఫోన్‌తో స్కాన్ చేశాను. డబ్బు కట్ అయినట్టు నాకు మెసేజ్ వచ్చింది కానీ, బండి మీది స్పీకరు నోరు విప్పలేదు. "పడలేదు సార్. ఏం కాదు, అదే వెనక్కొస్తది" అన్నాడు బండాయన, చట్నీ పోస్తూ. అన్నట్టే సాయంత్రానికి వచ్చింది. సగంలో ఆగిన పని అయితే పూర్తి కావాలి, లేకపోతే మొదలే కానట్టు ఉండాలి. ఆయన అంత ధీమాగా చెప్పిన మాట వెనక యాభై ఏళ్ళ పరిశోధన ఉంది. అందులో పెద్ద వాటా జిమ్ గ్రే అనే అమెరికన్‌ది.

గ్రే 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. బర్క్‌లీలో చదివి 1969లో డాక్టరేట్ తీసుకున్నాడు. అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగం నుంచి వచ్చిన తొలి పీహెచ్‌డీ అదే. అప్పటికి ఆయనకు డేటాబేస్‌లతో పనేమీ లేదు; రాసింది ప్రోగ్రామింగ్ భాషల గురించి. దారి మళ్ళింది ఐబీఎం వారి శాన్‌హోసే ల్యాబ్‌లో చేరాక.

ఆ ల్యాబ్‌లోనే ఎడ్గర్ కాడ్ 1970లో ఒక వ్యాసం ప్రచురించాడు. సమాచారమంతా పట్టికల్లో పెట్టుకుందాం, ఏం కావాలో మనం చెబుదాం, ఎలా వెతకాలో యంత్రమే చూసుకుంటుంది అన్నది దాని సారాంశం. వినడానికి బాగానే ఉంది. కానీ అప్పట్లో ఐబీఎంకు డబ్బులు తెచ్చిపెడుతున్నది ఐఎంఎస్ అనే వేరే తరహా డేటాబేస్. పట్టికలు నిజంగా బ్యాంకు పనిని తట్టుకుంటాయా అన్నది తేల్చడానికి సిస్టమ్ ఆర్ అనే ప్రాజెక్టు మొదలైంది. చాంబర్లిన్, బాయిస్ ప్రశ్నలడిగే భాష తయారుచేశారు. ఇవాళ్టి ఎస్‌క్యూఎల్ అదే. పాట్రీషియా సెలింజర్ బృందం ప్రతి ప్రశ్నకూ తక్కువ ఖర్చయ్యే దారి లెక్కగట్టే పద్ధతి కనిపెట్టింది. గ్రే పట్టుకున్నది మాత్రం బయటికి కనబడని చాకిరి. వందమంది ఒకేసారి అదే పట్టికలో చెయ్యిపెడితే ఏం కావాలి? మధ్యలో కరెంటు పోతే?

మొదటిదానికి జవాబు తాళాలు. అయితే ఎంత మేరకు తాళం వెయ్యాలి? పట్టిక మొత్తానికి వేస్తే మిగతా వాళ్ళంతా బయట నిలబడాలి. ఒక్కొక్క వరుసకు వేస్తే తాళాల లెక్క చూసుకోవడానికే పొద్దు చాలదు. లోరీ, పుట్జోలు, ట్రైగర్‌లతో కలిసి గ్రే 1975లో చూపించిన ఉపాయం ఇది: అపార్ట్‌మెంట్‌లో ఒక గదికి తాళం వేసుకునేవాడు ముందు గేటుకు "లోపల ఒక గది వాడుకలో ఉంది" అని చీటీ తగిలిస్తాడు. బిల్డింగంతా ఖాళీ చేయించాలని వచ్చినవాడు గది గదీ తట్టనక్కర్లేదు, గేటు దగ్గరే తెలిసిపోతుంది. మరో గదికి వచ్చినవాడు చీటీ చూసి కూడా నిశ్చింతగా లోపలికి పోతాడు. పేరున్న డేటాబేస్‌లు దాదాపు అన్నిట్లో ఈ చీటీ నేటికీ వేలాడుతోంది.

రెండోదానికి జవాబు మన షావుకార్లకు ఎప్పట్నించో తెలుసు. బేరం జరగగానే చిట్టాలో రాస్తారు, తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కిస్తారు. ఆవర్జా సగం రాసి లేచిపోయినా నష్టం లేదు. చిట్టా చూసి మిగతాది పూరించవచ్చు, తప్పు పడితే కొట్టేయవచ్చు. కంప్యూటర్లోనూ అంతే: అసలు పట్టికను డిస్కు మీద ముట్టుకునే ముందే, ఏం మార్చబోతున్నామో వేరే చిట్టాలో రాసి భద్రం చెయ్యాలి. ఈ ఆలోచనలన్నిటినీ గ్రే 1978లో ఒక సుదీర్ఘమైన నోట్సులో గుదిగుచ్చాడు. ఆ చిట్టా పద్ధతిని తర్వాత ఐబీఎంలోనే, ఐఐటీ మద్రాసులో చదివిన సి. మోహన్ బృందం 1992లో ఏరీస్ పేరుతో పకడ్బందీ చేసింది.

ఇక రెండు ఊళ్ళలో రెండు యంత్రాలుంటే? ఇటు ఖాతాలో తగ్గి, అటు ఖాతాలో పెరగకపోతే? గ్రే 1981 నాటి వ్యాసంలో దీన్ని చర్చిలో పెళ్ళితో పోల్చాడు. పాస్టరు ఇద్దరినీ విడివిడిగా అడుగుతాడు. ఇద్దరూ సరేనంటేనే పెళ్ళయిందని ప్రకటిస్తాడు. మనకు జీలకర్ర బెల్లం క్షణం అలాంటిదే. అప్పటిదాకా పెళ్ళికొడుకు గొడుగు పట్టుకుని కాశీకి పోతానని బెదిరించవచ్చు, పీటల మీది పెళ్ళి ఆగిపోనూవచ్చు. ఆ తర్వాత "కానట్టే" అనడానికి వీల్లేదు. విడాకులు వేరే కథ, దానికి వేరే కాగితాలు. చిక్కల్లా ఇద్దరూ సరే అన్నాక, ప్రకటించే లోపల పురోహితుడు కళ్ళుతిరిగి పడిపోతే. అప్పుడు ఇద్దరూ లేవలేరు, కూర్చోలేరు. ఈ ఇబ్బంది డేటాబేస్ వాళ్ళను ఇప్పటికీ వదల్లేదు.

ఆ వ్యాసం వచ్చేనాటికి ఆయన ఐబీఎంలో లేడు. 1980లో టాండమ్‌కు మారాడు. ప్రతి భాగానికీ జోడీ పెట్టి, ఒకటి పోతే రెండోది అందుకునేలా యంత్రాలు కట్టే కంపెనీ అది. అయినా అవి ఆగుతూనే ఉన్నాయి. ఎందుకని? గ్రే వైఫల్యాల నివేదికలు పోగేసి 1985లో లెక్క తేల్చాడు: హార్డ్‌వేర్ వల్ల 18 శాతమే, నడిపే, మరమ్మతు చేసే మనుషుల వల్ల 42 శాతం, సాఫ్ట్‌వేర్ వల్ల 25 శాతం. నాకు ఆయన రచనల్లో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. సిద్ధాంతం జోలికి పోకుండా ముందు రోగి నాడి పట్టుకున్నాడు. ఒకచోట 132 సాఫ్ట్‌వేర్ దోషాలను పరిశీలిస్తే, ఒక్కటి తప్ప అన్నీ మళ్ళీ ప్రయత్నించగానే మాయమైన బాపతే. "ఒకసారి ఆపి ఆన్ చేసి చూడండి" అని కస్టమర్ కేర్ వాళ్ళు చెబితే విసుక్కుంటాం కానీ, ఆ సలహాకు పునాది ఉంది.

అదే ఏడు డేటామేషన్ పత్రిక ఏప్రిల్ 1 సంచికలో "అజ్ఞాత రచయిత, తదితరులు" పేరుతో ఒక వ్యాసం వచ్చింది. అందులోని ఊహాబ్యాంకుకు వెయ్యి శాఖలు, పదివేల మంది క్యాషియర్లు, కోటి ఖాతాలు. సెకనుకు ఎన్ని జమాఖర్చులు, ఎంత ఖర్చుతో చేయగలరో చెప్పండని కంపెనీలకు సవాలు. ఆ అజ్ఞాతవాసి గ్రే అని తెలియనిదెవరికి? కంపెనీలు పోటీలు పడ్డాయి, ఎవరికి వారే గెలిచామని చెప్పుకున్నాయి. ఆ గందరగోళం సర్దడానికి 1988లో టీపీసీ అనే మండలి పెట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత డిజిటల్ అనే కంప్యూటర్ కంపెనీలో కొలువు, ఆండ్రియాస్ రాయిటర్‌తో కలిసి రాసిన వెయ్యి పేజీల పుస్తకం, 1998కి ట్యూరింగ్ అవార్డు. 1995లో మైక్రోసాఫ్ట్‌లో చేరినా శాన్‌ఫ్రాన్సిస్కో వదల్లేదు, కంపెనీయే అక్కడ ల్యాబ్ పెట్టింది. ఒక టెరాబైటు సమాచారాన్ని మోయగలమని చూపించడానికి 1998లో టామ్ బార్క్‌లేతో కలిసి అమెరికా వైమానిక ఛాయాచిత్రాలు, రష్యన్ ఉపగ్రహ చిత్రాలు నెట్‌లో పెట్టాడు. గూగుల్ ఎర్త్‌కు ఏళ్ళ ముందే జనం తమ ఇంటి కప్పు తాము వెతుక్కున్నారు.

అక్కడినుంచి చూపు ఆకాశం మీద పడింది. ఆకాశాన్ని ఫోటోలు తీసే స్లోన్ సర్వేలో న్యూమెక్సికో టెలిస్కోపు పోగేస్తున్న సమాచారాన్ని ఎలా అమర్చాలో తెలియక, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రవేత్త అలెక్స్ సాలే తలపట్టుకున్నాడు. గ్రే పట్టికల సంగతి ఎత్తలేదు. "మీరు దీన్ని అడగదలుచుకున్న ఇరవై ప్రశ్నలు రాసివ్వండి" అన్నాడు. ఆ ఇరవై ప్రశ్నల చుట్టూనే, ఆ సమాచారాన్ని నెట్‌లో అందరికీ తెరిచే స్కైసర్వర్ కట్టారు. సమాచారం ఇటునుంచి అటు పంపాలంటే, నెట్ మీద నానా యాతన పడేకంటే కంప్యూటర్‌నే పెట్టెలో పెట్టి పార్సిల్ చేయడం చౌక అని లెక్కలు కట్టి మరీ చూపించాడు. వేళాకోళమేం కాదు, పంపించాడు కూడా.

2007 జనవరి 11న మౌంటెన్‌వ్యూలో, ఇకమీదట సైన్సు ఇలా పోగైన సమాచారంలోంచే నడుస్తుందని ఒక ప్రసంగం చేశాడు. జనవరి 28, ఆదివారం, తల్లి చితాభస్మం సముద్రంలో కలపడానికి 40 అడుగుల పడవ టెనేషస్‌లో ఒక్కడే ఫారలోన్ దీవుల వైపు బయల్దేరాడు. తిరిగి రాలేదు. వాతావరణం బాగానే ఉంది. ఆపదలో ఉన్నానన్న సంకేతమేదీ రాలేదు. కోస్ట్‌గార్డ్ వెతుకులాట ఆపేశాక మిత్రులు ఉపగ్రహ చిత్రాలు తెప్పించారు. వాటిని ముక్కలు చేసి నెట్‌లో పెడితే వేలమంది తమ ఇళ్ళలో కూర్చుని ఒక్కో ముక్కలో పడవ కోసం వెతికారు. సముద్రపు అడుగునూ జల్లెడపట్టారు. చెక్క ముక్క కూడా దొరకలేదు.

2008 మే 31న బర్క్‌లీలో సభ పెట్టారు. దాన్ని సంస్మరణ సభ అనలేదు. గౌరవ సభ అన్నారు. ఎందుకంటే కాగితాల మీద ఆయన అప్పటికింకా కనిపించకుండా పోయిన మనిషే. చనిపోయినట్టు కోర్టు ప్రకటించింది 2012లో, ఐదేళ్ళ గడువు నిండాక.