కిలో లెక్కన లేతు

మొన్న సంక్రాంతికి గాజువాక వెళ్ళినప్పుడు, పాత ఇనుము కొనే అతనొకడు మా పెరటి షెడ్డులోకి తొంగిచూసి "ఈ లేతు మిషను ఇచ్చేస్తారేటండి? కిలో లెక్కన మంచి రేటు కడతాను" అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు. నాకు మాత్రం చివుక్కుమంది. నిజం చెప్పొద్దూ, ముందురోజు రాత్రి "ఇంకా ఇదెందుకు నాన్నా, చోటు దండగ" అన్నది నేనే!

నాన్న ఇక్కడి ఓ పెద్ద కర్మాగారంలో టర్నరుగా చేసి రిటైరయ్యారు. 1994లో మూసేస్తున్న ఓ షాపులో నాలుగున్నర అడుగుల బటాలా లేతు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. (పంజాబులో బటాలా, గుజరాత్‌లో రాజ్‌కోట్ చిన్న లేతులకి పేరుపడ్డ ఊళ్ళు.) కొన్న పెద్ద మిషను అదొక్కటే. మిగతావన్నీ దాని పిల్లలే. పాత నీళ్ళ పంపు మోటారుతో గ్రైండరు, ఇంకో మోటారుకి పుల్లీలూ క్రాంకూ బిగించి ఇనప కడ్డీలు కోసే పవర్ హాక్సా, ఓ రైలు పట్టా ముక్కతో దాగలి. వీటికి కావలసిన షాఫ్టులూ బుష్షులూ ఈ లేతు మీదే తయారయ్యాయి.

ముందు లేతే ఎందుకు? ఎందుకంటే మిగతా మిషన్లని చేసిపెట్టే మిషను అది. ఓసారి దాని క్రాస్ స్లైడు నట్టు అరిగిపోయి, హ్యాండిల్ తిప్పితే సగం చుట్టు ఊరికే తిరిగేది. అది పూర్తిగా పోకముందే, ఆ అరిగిన నట్టుతోనే జాగ్రత్తగా నడిపించి, గన్‌మెటల్ ముక్కలో కొత్త నట్టుకి మరలు కోశారు నాన్న. సి కంపైలరుని సి లోనే రాయడం గురించి కాలేజీలో చదివి ఆశ్చర్యపోయాను కానీ, అదే పని మా పెరట్లో జరిగిందని అప్పుడు తట్టలేదు.

సరే, మరి మొట్టమొదటి కచ్చితమైన లేతు ఎక్కడిది? 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే పనిముట్టుని గట్టిగా పట్టే స్లైడ్ రెస్టునీ, లీడ్ స్క్రూనీ, మార్చుకునే గేర్లనీ ఒకే లేతులో కలిపాడు. అంతకుముందు అలాంటి ప్రయత్నాలు లేకపోలేదు గానీ, ఒకే కొలత మరలు మళ్ళీ మళ్ళీ కోయడం అలవాటుగా మారింది మాత్రం ఆయన దగ్గరే. ఆయన షాపులో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్, సమతలం ఎలా పుట్టించాలో 1840లో ఓ సభలో వివరించాడు. మూడు ఇనప పలకలు తీసుకుని, రంగు పూసి రెండేసి చొప్పున మార్చి మార్చి ఆనించి, ఎత్తుగా ఉన్నచోట చేత్తో గీకాలి. రెండే పలకలైతే ఒకటి గుంటగా, ఒకటి బుడిపెగా ఉండి కూడా సరిగ్గా అతుక్కుంటాయి. మూడోది వస్తే ఆ అబద్ధం చెల్లదు! అంటే ప్రపంచంలోని కచ్చితత్వమంతటి వెనకా ఓపికున్న చెయ్యి ఒకటుందన్నమాట.

మన ప్రాంతానికి లేతు కొత్తేం కాదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేతు మీద తిప్పి లక్కబొమ్మలు చేయడం పాత విద్యే. ఇనుము తిప్పే చేతులకి మాత్రం గిరాకీ పెంచింది పెద్ద ఫ్యాక్టరీలే. 1933లో రేవు తెరిచారు. 1941లో సింధియా షిప్‌యార్డుకి శంకుస్థాపన జరిగింది, 1948లో అక్కడినుంచి జల ఉష నీళ్ళలోకి దిగింది. 1966లో బి.హెచ్.పి.వి. వచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో పునాదిరాయి పడితే, జాతికి అంకితమయ్యేసరికి 1992 అయ్యింది. మనం ఈ ఊరి చరిత్రని టన్నుల్లోనే చెప్పుకుంటాం. డ్యూటీ దిగాక ఆ విద్యని ఇంటికి మోసుకొచ్చిన టర్నర్లూ ఫిట్టర్లూ వెల్డర్లూ ఆ లెక్కలోకి రారు.

ఇంట్లో ఇలాంటిది పెట్టుకోవాలనే ఆశ మనలో కొందరికైనా ఉంటుంది. అమెరికాలో డేవ్ గింగెరీ 1980 ప్రాంతం నుంచి రాసిన పుస్తకాల్లో, బొగ్గు కొలిమిలో అల్యూమినియం స్క్రాప్ కరిగించి పోతపోసుకోవడంతో మొదలుపెట్టి, లేతు, షేపరు, మిల్లింగ్ మిషను వరసగా ఎలా చేసుకోవాలో చూపించాడు. నాన్న సూత్రం ఇంకా తేలిక: "కొలిచేవి కొనుక్కో, పట్టుకునేవి చేసుకో." వెర్నియరు, మైక్రోమీటరు, చక్ దగ్గర పిసినారితనం పనికిరాదు. స్టాండ్లూ క్లాంపులూ స్క్రాప్‌లోంచే చేసుకోవచ్చు. ఇంటికి సింగిల్ ఫేజే ఉందని దిగులక్కర్లేదు, సరైన వి.ఎఫ్.డి. పెడితే చిన్న త్రీ ఫేజ్ మోటారు నడుస్తుంది. ఇక మన సముద్రపుగాలికి, నూనె తుడవడం ఒక్క రాత్రి మరిచినా బెడ్డు మీద తుప్పు కనిపిస్తుంది.

ఆ మర్నాడు పొద్దున్నే షెడ్డులోకెళ్ళి, నూనెగుడ్డ పట్టుకుని బెడ్డు తుడవడం మొదలెట్టాను. నాన్న గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు.

"ఒరే, తుడిస్తే సరిపోదురా. ముందు టూలు సానపట్టడం నేర్చుకో" అన్నారు.

మూడు టూల్ బిట్లు పాడుచేశాను. నాలుగోది ఫర్వాలేదన్నారు. సెలవులు అయిపోయాయి గానీ, పాత ఇనుము అతనికి ఇవ్వమని చెప్పేసే వచ్చాను.