తల తిప్పితే కీ నొక్కినట్టు

కిందటి పాఠంలో టైపు మిషను అక్షరాల వరుస కంప్యూటర్ కీబోర్డు మీదికి ఎలా వచ్చిందో చదివారు. ఈ పాఠంలో ఆ కీబోర్డును వేళ్లతో తాకకుండా, తల కదలికతో నడిపే పద్ధతి ఎలా ఏర్పడిందో తెలుసుకుందాం. ఆటల కోసం పుట్టిన ఉపాయానికి చరిత్ర పాఠంలో చోటెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది.

ఉద్యోగ విరమణ తరవాత నేను తాటిపాకలో ఉంటున్నాను. కోనసీమలో కొబ్బరి దింపు ఎంత ప్రమాదకరమైన పనో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మా వీధిలోని ఒక యువకుడు దింపు తీస్తూ చెట్టు మీదనుంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు, తల మాత్రం ఆడుతుంది. ఒకనాడు పలకరించడానికి వెళ్తే, అతని మేనల్లుడు పాత కంప్యూటర్‌కు వెబ్‌క్యామ్ తగిలించి కారు పందెం ఆట పెట్టి ఉన్నాడు. మామయ్య తల ఎడమకు తిప్పితే తెర మీద కారు ఎడమకు తిరుగుతోంది. "ఆయ్, ఇందులో మాత్రం నన్నెవరూ మొయ్యక్కర్లేదండి మాస్టారూ" అన్నాడు. ఈ పాఠం రాయాలని నాకు అప్పుడే అనిపించింది.

ముందుగా అసలు చిక్కును గమనించండి. కీకి రెండే స్థితులు: నొక్కి ఉండడం, నొక్కకుండా ఉండడం. తల అలా కాదు, కొద్ది కొద్దిగా ఎంతైనా తిరుగుతుంది. ఎక్కడా తెగని ఆ కదలికను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో కీని జత కట్టాలి. దీనినే మ్యాపింగ్ అంటారు. ఇది మీకు కొత్తేమీ కాదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపు చేసేవారు ఇంగ్లీషు కె ఉన్న కీని నొక్కితే తెర మీద క పడుతుంది. అదీ మ్యాపింగే.

తల కదలికను విడదీసి పేర్లు పెట్టడం మనకు పాత విద్యే. నందికేశ్వరుని అభినయ దర్పణం తొమ్మిది శిరోభేదాలు చెప్పింది. కదలని తల సమం, కుడి ఎడమలకు తిప్పితే ధుతం, పైకీ కిందికీ ఊపితే కంపితం, వింజామరలా అటూ ఇటూ ఊగితే పరివాహితం. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు ఇవి కంఠతా వచ్చు. కంప్యూటర్ నిపుణులు దీన్ని చూసే నేర్చుకున్నారని నేను అనడం లేదు. అలాంటి గొప్పలు చెప్పుకునే అలవాటు మనకు కాస్త ఎక్కువే. చేయవలసిన పని మాత్రం రెండు చోట్లా ఒకటే.

వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య బతికేవాణ్ణి కనుక ఈ చరిత్రను కూడా రెండు పాయలుగానే చూస్తాను. మొదటి పాయ సైన్యానిది, ప్రయోగశాలలది. 1961లో అమెరికాలో ఫిల్కో సంస్థ హెడ్‌సైట్ అనే పరికరం చేసింది. చూసేవారు తల తిప్పితే దూరంగా ఉన్న కెమెరా కూడా తిరిగేది. 1968లో ఐవాన్ సదర్లాండ్ తలకు తొడిగే త్రిమితీయ తెరను ప్రకటించాడు. తల ఎటు తిరిగిందో కొలవడానికి పైకప్పు నుంచి లోహపు చెయ్యి వేలాడుతూ ఉండేది. తరవాత అపాచీ హెలికాప్టర్‌లో పైలట్ తల తిప్పిన వైపుకు తుపాకీ కూడా తిరిగే ఏర్పాటు వచ్చింది. వీటిలో వేటికీ కీలతో పనిలేదు. తల ఎంత తిరిగితే యంత్రమూ అంతే తిరుగుతుంది.

రెండవ పాయ ఆసుపత్రులది. 1960ల మొదట్లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో, వెన్నుపాము దెబ్బతిన్నవారి కోసం రెగ్ మేలింగ్ పోసమ్ అనే పరికరాన్ని రూపొందించాడు. రోగి గొట్టంలోకి ఊదితే, పీలిస్తే టైపు మిషను పనిచేసేది. ఇది తల కదలిక కాదు, నిజమే. కానీ శరీరంలో మిగిలిన కొద్దిపాటి కదలికతో అక్షరాల కీని నడపాలన్న ఆలోచన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. చరిత్ర పుస్తకాలు మొదటి పాయకు పేజీలకు పేజీలు ఇచ్చి, దీన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు నచ్చదు.

రెండు పాయలూ ఇంటి కంప్యూటర్ దగ్గర కలిశాయి. అమెరికాలోని నేచురల్‌పాయింట్ సంస్థ చేతులు వాడలేనివారి కోసం తలతో కదిలే మౌస్ తయారుచేసింది. పరారుణ కాంతిని తిప్పికొట్టే చిన్న చుక్కను టోపీకో నుదుటికో అతికించుకుంటే కెమెరా దాన్ని వెంబడించేది. 2000 దశకం మొదట్లో అదే సంస్థ నుంచి ట్రాక్‌ఐఆర్ వచ్చి, విమానాలు నడిపే ఆటలవాళ్లలో పేరు తెచ్చుకుంది. బోస్టన్ కాలేజీలో మార్గ్రిట్ బెట్కే, జేమ్స్ గిప్స్ బృందం చేసిన కెమెరా మౌస్‌కు చుక్క కూడా అక్కరలేదు. మామూలు కెమెరా ముక్కు కొననో పెదవినో గుర్తుపెట్టుకుంటే చాలు.

కానీ చాలా ఆటలకు ట్రాక్‌ఐఆర్ భాష తెలియదు, వాటికి తెలిసింది కీబోర్డే. అందుకే మధ్యలో దుభాషి కావలసి వచ్చింది. 1996లో వచ్చిన క్వేక్ ఆటలో ఏ కీకి ఏ పని అన్నది ఆటగాడే ఒక ఫైలులో రాసుకోవచ్చు. ఆ స్వేచ్ఛను మరో మెట్టు ఎక్కించినది కార్ల్ కెన్నర్ రాసిన గ్లోవ్‌పై. చేతి తొడుగు కోసం మొదలైన ఆ ప్రోగ్రాములో, తల ఇన్ని డిగ్రీలు వంగితే ఫలానా కీ నొక్కినట్టు లెక్క అని ఒక్క వరుసలో రాయవచ్చు. ఆట తయారుచేసినవారిని బతిమాలనక్కరలేదు. తనకు నిజంగా కీబోర్డే ఉందని ఆట నమ్ముతుంది.

ఇక్కడ ఒక నిమిషం ఆగి, ఈ పని చేసి చూడండి. తెర ఎదురుగా కూర్చుని తల పూర్తిగా కుడికి తిప్పండి. తెర కనిపించదు కదా! అందుకే కొద్దిపాటి కదలికనే పెద్దదిగా లెక్కించాలి. పది డిగ్రీలు దాటితే కుడి కీ నొక్కినట్టు అని పెట్టారనుకోండి. తల ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు కనుక సరిగ్గా పది దగ్గర కీ టకటకా పడుతూ లేస్తూ ఉంటుంది. దానికి విరుగుడుగా నొక్కడానికి పది, వదలడానికి ఏడు అని రెండు హద్దులు పెడతారు. కారును కొంచెమే తిప్పాలంటే కీని ఆగి ఆగి కొట్టాలి, తల ఎంత తిరిగితే అంత ఎక్కువసేపు నొక్కి ఉంచాలి. ఇదంతా ప్రోగ్రామే చూసుకుంటుంది.

2010లో కినెక్ట్ వచ్చాక సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు ఫాస్ట్ అనే ప్రోగ్రాముతో మొత్తం శరీరపు కదలికలను కీలకు జత కట్టారు. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల నాయకత్వంలో ఉండగా మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. 2023లో గూగుల్, కండరాల క్షీణతతో బాధపడే లాన్స్ కార్ అనే ఆటగాడితో కలిసి గేమ్‌ఫేస్‌ను విడుదల చేసింది. తల కదిపితే బాణం గుర్తు కదులుతుంది, కనుబొమ లేపడం, నోరు తెరవడం లాంటివి క్లిక్కులకూ కీలకూ జత పడతాయి. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ రూపం ప్రకటించినప్పుడు మన దేశానికి చెందిన ఇన్‌క్లూజా సంస్థ కూడా అందులో పాలుపంచుకుంది.

మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన వైకల్యాలను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది. సాంస్కృతిక జీవితంలో, వినోదంలో ఇతరులతో సమానంగా పాల్గొనే హక్కును కూడా చెప్పింది. వినోదం అన్న మాటను మీరు తేలికగా దాటేయకండి. ఇప్పటికీ కొన్ని ఆటల్లో కీలు మార్చుకునే వీలు లేదు. మోసాన్ని పట్టే ప్రోగ్రాములు కొన్ని, దుభాషి ద్వారా వచ్చే కీని మోసంగానే అనుమానిస్తాయి. పది వేళ్లూ ఉన్నవాడే ఆటగాడన్న ఊహ వాటిలో అలాగే ఉండిపోయింది.

మా వీధి యువకుడి కంప్యూటర్‌లోని ఫైలును నేను చూశాను. మెడ ఎడమకు సరిగా తిరగదు కాబట్టి ఎడమ హద్దు ఆరు, కుడి హద్దు పదకొండు. సాయంత్రానికి మెడ అలసిపోతుందని తక్కువ అంకెలతో ఇంకొక ఫైలు పెట్టుకున్నారు. దాని పేరు 'పొద్దుగూకాక'. నేను వెళ్లిన రోజు ఆ రెండో ఫైలులో ఎడమ హద్దును అయిదు నుంచి నాలుగుకు దించమని మేనల్లుడితో వాదిస్తున్నాడు. నాలుగు పెడితే తుమ్మినా కారు తిరుగుతుందని మేనల్లుడు, తుమ్మితే తన చూపు తనదని మామయ్య.